సూరవ్వ మీద గొంగడి

కొంరవ్వకు కూసుంటె లేవబుద్ధి కాదు, లేస్తె నడువబుద్ధి కాదు. గట్ల అయిపోయింది పాపం దాని బతుకు. పటం కత చెప్పే రాజలింగు పెండ్లాం అది. పటమంటె ఎర్కేనా మీకు? ఈ పోరగాండ్లకు ఎర్కుండది, నవ్వుతుర్రు చూడు. ఇంటి వాసమంత పొడుగు బట్ట ఉంటది, దానికి చింతగింజల అంబలి పూస్తరు, సుద్ద పూస్తరు, ఎండవెడ్తరు, దాని మీద ఎర్రరంగు కొట్టి ఒక వంశం కతంత మీదికెల్లి కిందిదాంక బొమ్మలు రాస్తరు. కత చెప్పేటోడు కట్టెతోని ఒక్కొక్క బొమ్మ సూపిచ్చుకుంట పాడుతడు. పక్కన పెండ్లాం నిలవడి పటం పట్టుకోవాలె, మీద చుట్టాలె, కింద విప్పాలె, వంత పాడాలె. కత చెప్పే హక్కు మాత్రం ఆమెకు లేదు. వంత పాడు, పటం మొయ్యి, గంతే. కొంరవ్వ పెండ్లయి వచ్చిన తెల్లారి అత్త దాని భుజం మీద పటం పెట్టిందంట, ఇగ మల్ల దించింది లేదు. ఊరెనుక ఊరు, ఊరెనుక ఊరు. చంకల పిల్ల, భుజం మీద పటం. పొద్దంత నడుసుడు, పొద్దుగూకినంక పటానికి చెదలు పట్టకుంట, వాన పడకుంట, ఎలుక కొరకకుంట కావలి. మొగడు మాత్రం మంచిగ గురక పెడ్తడు, పాడి అలసిండు గద.

ఇగ వాళ్లు చెప్పే కత ఏందంటే, మందలోళ్ల కత. మందలోళ్లంటె గొర్లు కాసుకునేటోళ్లు అనుకో, ఆ దిక్కు ఊర్లన్ని వాళ్లయే. వాళ్ల కులానికంత పెద్దవ్వ సూరవ్వ. ఒకప్పుడు కరువొచ్చిందంట. గడ్డి లేదు, గుక్కెడు నీళ్లు లేవు, సూరవ్వ మొగడు సచ్చిపాయె, మందంత ఆమె నెత్తి మీద వడ్డది. మందను తోలుకోని నీళ్లు దేవులాడుకుంట బయలెల్లింది. పోంగ పోంగ ఓ గుట్ట మీద దేవత కానొచ్చి, ఇగో సూరవ్వ, నీ మందకు నీళ్లు దొరుకుతయి గని, దొరికేదాంక నువ్వు కన్ను మూయొద్దు, మూసినవా మంద మాయమైతది అన్నదంట. చూడుండ్రి మరి, దేవతలు గూడ ఆడిది దొరికితె గిసుంటి షర్తులే పెడ్తరు. మొగోడైతె ఓ గుర్రం ఇచ్చి పంపుదురు. సరే, సూరవ్వ ఏం జేసింది, కన్ను మూయకుంట నడిచింది. కండ్లల్ల దుమ్ము వడ్డది, మూయలే. ఎండ కొట్టింది, మూయలే. కొడుకు రోగమొచ్చి సచ్చిండు, ఏడ్వనన్న ఏడ్వాలె గద, కన్ను మూతవడ్తదేమోనని ఏడ్వలే. ఆఖరుకు నీళ్లు దొరికినయి, గొర్లు తాగినయి, ఆడ ఊరు కట్టిర్రు. కత గంతే. మందలోళ్లకు దాని మీద మస్తు గర్వం. మా అవ్వ కన్ను మూయలే అంటరు. ఒట్టు పెట్టుకున్నా సూరవ్వ కండ్ల తోడు అనే పెట్టుకుంటరు. పటంల ఏ బొమ్మల చూసినా సూరవ్వ కండ్లు కోడిగుడ్ల లెక్క ఇంతింత ఉంటయి.

ఏమైందంటే, ఒకనాడు వాగొడ్డు ఊర్ల కొంరవ్వకు జెరమొచ్చింది. పటం తలకింద పెట్టుకోని జెరంతోని అట్లనే కన్నంటుకున్నది. లేచి చూసేవరకు పటం నడిమిట్ల ఎలుక కొరికి ఇంత బొక్క చేసింది. ఇగ ఆ పటం పనికిరాదు. పనికిరాని పటాన్ని పారెయ్యరు, కతలు రాసుకుంటానికొచ్చిన బిడ్డా, నువ్వు రాసుకో ఇది, మనిషి పోతె చేసినట్టే పసుపు కుంకుమ పెట్టి, కొత్త గుడ్డల చుట్టి, ఏడ్సి వాగుల సాగనంపుతరు. గట్లనే చేసిర్రు. రాజలింగు ఏడ్సిండు. ఏడ్సిండు గని, ఆ నాటి సంది పెండ్లాన్ని ఒక్కటే మాట అనుడు. నువ్వు కన్ను మూయబట్టె గిట్లయింది, నువ్వు కన్ను మూయబట్టె గిట్లయింది. అన్నం పెడ్తె గదే మాట, నీళ్లు పోస్తె గదే మాట. కొంరవ్వ ఏమనకపోతుండె. అనకపోతె ఊకున్నదనుకుంటరు మీరు, లోపట ఊకున్నదా? రెప్ప మీద రెప్ప పడంగనే దిగ్గున లేస్తుండె. మనిషి కట్టెపుల్ల లెక్క అయింది.

కొత్త పటం రాయాలె. నకాశి బుచ్చయ్య అని బొమ్మలు రాసే ముసలాయన, ఆయన కాడికి పోయిర్రు. ఆయన రాస్తనే ఉన్నడు, రాజలింగు తిరుగుతనే ఉన్నడు. ఎందుకంటె గొర్ల పండుగ దగ్గరికొచ్చింది. ఆ పండుగనాడు మందలోళ్లంత ఒక్కకాడ కూడుతరు, ఆనాడు పటం విప్పి కత చెప్పినోనికే ఆ ఏడాదంత ఊర్లన్ని తిరిగి కత చెప్పుకోని బతికే హక్కు. చెప్పకపోతె ఊర్లు పోతయి. రాజలింగు పాలోడు కనకయ్య ఉన్నడు, దాయాది, వాడు గూడ పటం కతోడే, వాడు ఎన్నేండ్ల సందో కాసుకోని కూసున్నడు, ఈసారన్న వీడు తప్పుతడా, ఊర్లు నాకొస్తయా అని. అందుకని రాజలింగుకు కాలు నిలుస్తలేదు. బుచ్చయ్య ఇంటి ముంగట ఇటునుంచి అటు, అటునుంచి ఇటు. అయిందా తాత? కాలే. ఇప్పుడయిందా? కాలేరా, నువ్వు నా నెత్తి మీద నిలవడితె అయితదా?

ఆఖరుకు కండ్లు తెరిచే రోజొచ్చింది. దానికో పద్ధతున్నది, మంచిగ వినుండ్రి, లేకుంటె ముందలి కత తెల్వది. బొమ్మలన్ని రాస్తరు గని కండ్లు పెట్టరు. కన్ను ఉండే జాగల ఉత్త రెప్పగీత ఒక్కటి గీసి ఇడిసిపెడ్తరు. అన్ని అయినంక, మంచిరోజు చూసి, రాసేటాయన తానం చేసి ఒక్కపొద్దుండి, నోరు మూసుకోని కూసుంటడు. ఒక్క కూసుడుల అన్ని బొమ్మలకు కండ్లు పెట్టాలె. నడుమ లేవొద్దు, మాట్లాడొద్దు. ఆఖరుకు నీళ్ల కాడి సూరవ్వకు పెట్టాలె. ఆమెకు పెట్టినంక కత చెప్పేటోడు కడప మీద కొబ్బరికాయ కొడ్తడు. కాయ పలిగిందంటె పటానికి పానమొచ్చినట్టు. ఇగ కుంచె తాకొద్దు. తాకితె కండ్లు పొడిచినట్టే.

బుచ్చయ్య తెల్లారకముందే కూసున్నడు. గొర్లకు పెట్టిండు, దేవతకు పెట్టిండు, కొడుక్కు పెట్టిండు, సూరవ్వలందరికి పెట్టుకుంట వచ్చిండు. ఆఖరి బొమ్మ కాడికి వచ్చేవరకు చిప్పల మసిరంగు అయిపాయె. ముసలాయన పక్కకు తిరిగి రంగు నూరుతుండు. రాజలింగు కడప కాడ కాయ పట్టుకోని నిలవడ్డడు. మెడ సాపి చూసిండు, పటంల అన్ని కండ్లు తనదిక్కే చూస్తున్నయి. ముసలాయన కుంచె కింద పెట్టి పక్కకు మర్రిండు. ఇగ అయిందనుకున్నడు. కాయ ఎత్తిండు. బుచ్చయ్య చూసిండు, నోరు తెరవొద్దాయె, ఊఁ ఊఁ అని చెయ్యి ఊపుతుండు. వీడేమనుకున్నడు, ముసలోడు కూలి కింద ఒప్పుకున్న పొట్టేలు అడుగుతుండు అనుకున్నడు. ఇస్త తాత, నీ పొట్టేలు ఏడికి పోతది, పండుగ కానియ్యి అనుకుంట కాయ టప్పున కొట్టిండు. ఇగ అప్పుడు బుచ్చయ్య నోరు తెరిచి, కొంప ముంచినవ్ గదరా, సూరవ్వ ఉన్నదిరా ఇంక అన్నడు.

రాజలింగు పటం మీదికి వంగి చూసిండు. నీళ్ల ఒడ్డు, గొర్లు మూతులు పెట్టి తాగుతున్నయి, ఒడ్డున సూరవ్వ. మొకంల ఉత్త రెప్పగీతలు. తాతా, ఒక్క చుక్క పెట్టు తాతా, ఎవలు చూస్తరు అన్నడు. నేను చూస్త గదరా అన్నడంట బుచ్చయ్య. నా తండ్రి పెట్టలే, నా తాత పెట్టలే, నేను పెట్ట. మల్ల కొత్తది రాయమంటె వానకాలం దాంక రాస్త అన్నడు. పండుగ ఎల్లుండి. రాజలింగు కడపల కూలవడి ఏడ్సిండు. కొంరవ్వ మాత్రం ఆ మొకం దిక్కే చూసుకుంట నిలవడ్డదంట, మొగడు చుట్టు చుట్టు అని ఒర్రేదాంక.

ఇగ తొవ్వ పట్టుకున్నరు. పటం ఆమె భుజం మీద. రాజలింగు ముందట నడుస్తుండు, ఆగుతుండు, ఎనకకొస్తుండు, మల్ల నడుస్తుండు. కల్లు తాగుదామన్నడు, తాగలే. సద్ది ఇప్పిండు, తినలే. ఏమే, ఆఖరి బొమ్మ విప్పకుంటనే మంగళం పాడ్త, నువ్వు గబగబ చుట్టెయ్యి, ఎవలికి తెల్వది అంటడు. కొంచెం సేపాగి, వద్దు వద్దు, సగం విప్పు, నేను కట్టె అడ్డం పెడ్త అంటడు. గింత దూరం పోయి, ఏదన్న చేసినా కనకయ్యగాడు పసిగడ్తడే, వాని కండ్లు కాకి కండ్లు అంటడు. ఊర్లు పోతె మనం ఏం తింటం, పిల్లలేం తింటరు, నాకు పాడుడు తప్ప ఇంకోటి రాదాయె అని మల్ల ఏడుస్తడు. కొంరవ్వకు అన్ని ఎర్కే. ఊర్లు పోతె పొయ్యిల పిల్లి లేవదని ఎర్కే. నడుస్తనే ఉన్నది.

పండుగ కాడికి పోయేవరకు అక్కడొక జీపు. పట్నం సారు ఒకాయన, పాత సామాన్లు కొనుక్కపోయేటాయన. జీపు నిండ మన ఇండ్లల్లయే ఉన్నయి. ఎవలిదో మానిక, ఎవలిదో ఇత్తడి దీపపుకుందె, ఎవలి ఇంటిదో చెక్కిన దర్వాజ, రోకలి గూడ ఉన్నదంట. రోకలి ఏం జేసుకుంటడో. ఆయన పటం చూసి ఆగిండు. ఇది అమ్ముతారా అన్నడు. రాజలింగుకు నోట్ల నువ్వుగింజ నానదు గద, అయ్యో సారూ ఇది లోపం పటం, ఆఖరి బొమ్మకు కండ్లు లేవు అని చెప్పేసిండు. ఆయన ముడుసుకుంటడనుకుంటె, ఆయన కండ్లు ఇంతగయినయి. అయితే మరీ మంచిది, లోపం ఉన్నది మళ్ళీ దొరకదు, గోడకు అద్దంలో పెడితే వచ్చినవాళ్ళంతా అడుగుతారు, నువ్వు ఎంతంటే అంత ఇస్తాను అన్నడు. రాజలింగు పెండ్లాన్ని పక్కకు పిలిచిండు. ఇచ్చేద్దామే, ఎలుకలు కొరికినయి, పటం లేదని చెప్దాం అన్నడు. పటం లేదంటె కనకయ్య విప్పుతడు గదనయ్యా, ఊర్లు పోతయి అన్నదామె. విప్పితె మాత్రం ఉంటయా, తన్ని ఎల్లగొడ్తరు గద, గీ పైసలన్న మిగుల్తయి అన్నడాయన. ఆ మాట గూడ నిజమే, కాదంటమా? కొంరవ్వ పటం గట్టిగ పట్టుకోని, నేనియ్య అన్నది. ఎందుకియ్యవే అంటె చెప్పలే. దానికి గూడ తెల్వదు ఎందుకో. ఆ మొకాన్ని గోడకు పెట్టి జనం చూసుకుంట పోతరంటె దానికి పానం ఒప్పలే, గంతే.

మధ్యాన్నం దాటినంక కత మొదలయింది. గొర్లకు పసుపు పూసిర్రు, డోలు కొడ్తుర్రు, మందలోళ్లంత గొంగళ్లు పరుసుకోని కూసున్నరు. ముందట కులపెద్ద గట్టయ్య, ఆయన పక్కన ఆయన తల్లి బాలవ్వ. బాలవ్వకు సరిగ కానరాదు, నడువరాదు, గంపల పెట్టి మోసుకొచ్చినట్టు మోసుకొచ్చిర్రు. నాకు వచ్చే పండుగ ఉంటదో ఉండదో, సూరవ్వ కండ్లు చూసి మొక్కుకుంట, దగ్గర కూసుండపెట్టుండ్రి అన్నదంట. రాజలింగు మంచిగ పాడిండు. నాలుగు తిట్లు తిడ్తగని, వాడు పాడితె రాయి గూడ వింటది. కొడుకు సచ్చిన కాడ మొగోళ్లు గూడ ముక్కులు చీదిర్రు. నీళ్ల కాడికి రాంగనే గొర్లు తాగినయనుకుంట ఒక్కసారే మంగళం ఎత్తుకున్నడు. ఎనకనుంచి కనకయ్య లేచి, ఆఖరి బొమ్మ విప్పలేదేందే అన్నడు. విప్పు విప్పు అన్నరు జనం. కొంరవ్వ మొగని దిక్కు చూసింది. వాడు తల కిందికేసుకున్నడు. విప్పింది.

ఇగ చూడు. డోలు ఆగింది. గట్టయ్య లేచి నిలవడి, కన్ను లేని సూరవ్వ ఏందిరా? సచ్చిన సూరవ్వను తెచ్చినవారా మా పండుగకు? మా పిల్లల ముంగట మా అవ్వ పీనుగును పరుస్తవా అన్నడు. పడుసోళ్లు కట్టెలు పట్టుకోని లేచిర్రు. కనకయ్య ముందటికొచ్చి, నా పటం బండ్లనే ఉన్నది పెద్దయ్యా, తీసుకరానా అంటుండు. రాజలింగు గట్టయ్య కాళ్ల మీద పడ్డడు. నా తప్పు లేదు పెద్దయ్యా, బుచ్చయ్య తప్పు అన్నడు. అది వాళ్లు వినలే. అప్పుడేమన్నడంటే, ఇగో ఈ దరిద్రపుదానిది, ఇది కన్ను మూయబట్టె పాతది ఎలుక కొరికింది, ఇది కన్ను మూయబట్టె ఇదంత వచ్చింది అని పెండ్లాం మీదికి చెయ్యి సాపిండు.

ఆ మాటకు కొంరవ్వ లోపట ఏదో తెగింది. పటం ఇడ్వలే. పట్టుకున్న చేతులు పట్టుకున్నట్టే ఉండి, సూరవ్వ సావలే పెద్దయ్యా, పండుకున్నది అన్నది. ఎవలు మాట్లాడుతుర్రో సమజ్ కాలే జనానికి, వంత పాడేది మాట్లాడదాయె. పండుకునుడేందే, మా అవ్వ కన్ను మూయలే అని గట్టయ్య మీదికొచ్చిండు. నీళ్లు దొరికేదాంక మూయలే, నేను కాదంటలే అన్నది. దేవత ఏమన్నది పెద్దయ్యా? నీళ్లు దొరికేదాంక అన్నది. దొరికినయ్ గద, ఇగో గొర్లు తాగుతున్నయి. మరి ఇంక ఎన్నొద్దులు మేలుకుంటదామె? మీ తాతల నాటి సంది కత నీళ్ల కాడ ఆపుతుర్రు. గొర్లు తాగినయ్ అంటరు, మంగళం పాడుతరు, గొంగళ్లు దులుపుకోని ఇంటికి పోతరు. ఆమె తాగిందా అని ఒక్కలన్న అడిగిర్రా? అవ్వా, నువ్వు జర ఒరుగు, మందను నేను చూస్త అని ఒక్క మనుమడన్న అన్నడా? కొడుకు సస్తె గూడ ఏడ్వలేదామె. మీకు నీళ్లు వచ్చినయి, ఊర్లు వచ్చినయి, ఆమెకు ఇంత నిద్ర వచ్చిందని కట్టెలు పట్టుకోని లేచిర్రు. గట్ల అంటుంటెనే దాని కండ్లల్లకెల్లి నీళ్లు కారుతున్నయి, తుడుసుకుందామంటె చేతులు ఖాళీ లేవు.

ఆడోళ్లు కూసున్న దిక్కునుంచి ఎవలో ఎక్కెక్కి ఏడ్సుడు వినొచ్చిందంట. అప్పుడు బాలవ్వ, నన్ను లేవట్టుండ్రి అన్నది. ఇద్దరు లేవట్టిర్రు. ముసల్ది పటం కాడికి వచ్చి, కానరాని కండ్లతోని ఆ మొకం మీద వేళ్లు పెట్టి తడిమింది. తన భుజం మీది గొంగడి తీసింది. తీసి పటం మీద, సూరవ్వ బొమ్మ మీద కప్పింది. కప్పి ఎనకకు మర్రి కొడుకును, గట్టయ్యా, ఒర్రకురా, లేస్తది అన్నది. కులపెద్ద కావచ్చు గని తల్లి ముంగట ఏం పెద్ద? గట్టయ్య కట్టె కింద పెట్టి కూసున్నడు. ఆయన కూసుంటె అందరు కూసున్నరు. కనకయ్య ఒక్కడే నిలవడ్డడు, కొంచెం సేపటికి వాడు గూడ కూసున్నడు.

అది నిజమనుకోని చెప్పిందా, మొగని కాపాడుకునెతందుకు చెప్పిందా అని నన్నడుగకుండ్రి. నాకైతె దానికే నిద్రొచ్చిందనిపిస్తది. ఊర్లు వాళ్లకే దక్కినయి. దక్కుడేంది, ఇంకిన్ని ఊర్లు పెరిగినయి. మా ఊర్ల గూడ సూరవ్వను పండవెట్టుండ్రి అని బండ్లు పంపుడు మొదలువెట్టిర్రు. బుచ్చయ్యను ఇప్పుడు నీళ్ల కాడి సూరవ్వకు కండ్లు పెట్టనిస్తలేరు. ఎన్నటికి లేని పద్ధతి, మా తాతల కాలం సంది గిట్లనే ఉన్నదని గట్టయ్యే చెప్తుండంట. ఆ పట్నం సారు ఊకుంటడా? ఎవలితోనో అసుంటి పటాలు రాయిచ్చి, పొగల పెట్టి పాతయి చేసి, అద్దాలల్ల బిగిచ్చి అమ్ముతుండంట. కండ్లు తెరిచిన సూరవ్వ ఏడనన్న దొరికితె, నిజంగ పాతది అదే గద, అది నకిలీ అని ఎనకకు పంపుతుర్రంట. చదువుకున్నోళ్ల ఇండ్లల్ల గోడలకు సూరవ్వ హాయిగ పండుకున్నది.

కొంరవ్వ సంగతి ఏందంటరా. ఇప్పుడు పద్ధతి ఏంది, కత అయినంక ఊరోళ్లు పటం మీద గొంగడి కప్పాలె, కప్పి సూరవ్వ నిద్ర చెడకుంట జర సేపు అందరు మాట్లాడకుంట కూసోవాలె. కొందరు కూసున్నకాన్నే ఒరుగుతరు, పిల్లలు నిద్రపోతరు, రాజలింగు గూడ గోడకు ఆనుకోని కునుకు తీస్తడు. మరి అంతసేపు పటం పట్టుకోని నిలవడాలె గద ఒకరు. కదలొద్దు, కదిలితె సూరవ్వ లేస్తది. నిలవడేది కొంరవ్వనే. ముందటైతె కత కాంగనే చుట్టి చేతులు దించుతుండె, ఇప్పుడు గది గూడ లేదు. గొర్ల బొచ్చు గొంగడి ఎంత బరువుంటదో ఎర్కే గద మీకు, ఆ బరువు సుత దాని చేతుల మీదనే.